విజయనగరంలో ఇంటి యంత్రాల మరమ్మతులు: పదేళ్లకు పైబడిన అనుభవం

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 నుంచి మా ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా విజయనగరంలోని చిన్న దుకాణాల వారిచేతనే బాగు చేయించుకుంటున్నాను.

మిక్సీలు, ఫ్యాన్ల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. గంటస్తంభం దగ్గరలోని దుకాణంలో మిక్సీని ఉదయం ఇస్తే, కార్బన్ బ్రష్‌లు, కప్లర్ మార్చి సాయంత్రానికి చేతికిస్తారు. నెమ్మదించిన సీలింగ్ ఫ్యాన్‌కు వైండింగ్ (మోటారులో తీగ మళ్లీ చుట్టడం) అక్కరలేదని, 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మారిస్తే చాలని చెప్పినదీ ఆ మెకానిక్కే. తన రాబడి తగ్గే మాట తానే చెప్పారు కనుక ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళ్తున్నాను.

చిక్కంతా ఫ్రిజ్ దగ్గర వచ్చింది. చల్లదనం తగ్గిందని పిలిస్తే, వచ్చినాయన వెనుకవైపు చేయి పెట్టి చూసి, “గ్యాస్ అయిపోయింది మేష్టారూ” అన్నారు. వాడేకొద్దీ తరిగిపోవడానికి అదేమీ వంటగ్యాస్ బండ కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియక సరేనన్నాను, నాలుగు నెలలకే కథ మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి వచ్చిన మరొకరు గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, అతుకులకు సబ్బు నురగ రాసి, బుడగలు వస్తున్న చోటు నాకు చూపించారు. దాన్ని అతికి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేసిన తరువాతే, గ్యాస్‌ను చిన్న కాటా మీద తూచి ఎక్కించారు. ఖర్చు దాదాపు రెండింతలైంది గానీ, అయిదేళ్లుగా ఆ ఫ్రిజ్‌కు ఎవరినీ పిలవలేదు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ మండే గ్యాస్ కనుక, గొట్టాలు పూర్తిగా ఖాళీ చేయకుండా వాటిని అతికేందుకు మంట వెలిగించేవారిని నేను వంటింట్లోకి రానివ్వను.

వాషింగ్ మెషీన్‌కు బెల్టు, డ్రెయిన్ పంపు వంటివి ఊళ్లోనే దొరుకుతాయి. దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పాడైనప్పుడు మాత్రం దానిని విశాఖపట్నం పంపి, బాగు చేయించి తెప్పించేసరికి రెండు వారాలు పట్టింది. మధ్యలో మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం కూడా రావడంతో ఫోన్ ఎత్తిన నాథుడే లేడు.

రసీదు అడిగితే చాలామంది చిన్నబుచ్చుకుంటారు. అందుకని రసీదు మాట ఎత్తకుండా, మార్చిన పాత భాగాన్ని ఇచ్చి వెళ్లమంటున్నాను. మారుమాటాడకుండా ఇచ్చినవారి నంబర్లే డైరీలో ఉంచుకున్నాను; ప్రస్తుతానికి అవి మూడు.