తాబేళ్ల నడక: బెసెంట్ నగర్ తీరంలో ఒక రాత్రి జాగారం

చెన్నైలో జనవరి నుంచి మార్చి వరకు, వారాంతపు రాత్రులలో, నీలాంగరై నుంచి బెసెంట్ నగర్ దాకా సముద్రపుటొడ్డున దాదాపు ఏడు కిలోమీటర్లు నడిచే కార్యక్రమం ఒకటి ఉంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గూళ్లను వెతికి కాపాడటం ఆ నడక ఉద్దేశం. ఈ తీరంలో ఇటువంటి నడకలు 1970లలోనే మొదలయ్యాయి. మేము వెళ్లిన బృందాన్ని నడిపేవారంతా విద్యార్థులే. రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. డెబ్బై మూడేళ్ల వయసులో నేను పదకొండేళ్ల మనవరాలిని వెంటబెట్టుకొని వెళ్లానని చెప్పుకుంటున్నాను గానీ, ఫారం నింపినదీ, నా మోకాళ్ల నొప్పుల సంగతి అందులో దాచకుండా రాసినదీ ఆమే.

కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట ముంపు నుంచి కాపాడాలని సంతకాలు సేకరించిన రోజుల నుంచి నేను పర్యావరణ ఉద్యమాలలో ఉన్నాను. "భావితరాల కోసం" అన్న మాటను ఎన్ని వేదికల మీద ఎన్నిసార్లు వాడానో నాకే లెక్క తెలియదు. ఆ భావితరం మెడలో గుర్తింపు కార్డు వేసుకొని, ఒంగోలు యాసలో, "తాతగారూ, కాస్త మెల్లగా మాట్లాడండి, తాబేలు బెదిరిపోతుంది" అని నన్నే హెచ్చరిస్తుందని మాత్రం ఏనాడూ ఊహించలేదు.

రాత్రి పదకొండు దాటాక ఇసుకలో కూర్చోబెట్టి వారు చేసిన ప్రసంగానికి పూర్తి మార్కులు వేయవచ్చు. తల్లి తాబేలు గూటికి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుందని, నలభై ఐదు, యాభై రోజులకు పిల్లలు వాటంతట అవే పైకి వస్తాయని, వేయింటికి ఒకటి మాత్రమే పెరిగి పెద్దదవుతుందని సాధారణంగా అంచనా వేస్తారని చెప్పారు. మా మనవరాలు వేళ్ల మీద లెక్క కట్టి, "అయితే తొమ్మిది గూళ్లకు ఒక్క తాబేలు, అంతేనా తాతయ్యా?" అని అడిగింది. నేను అధికారులకు పంపిన వినతిపత్రాలకు జవాబులు వచ్చిన నిష్పత్తి కూడా ఇంచుమించు అదేనని ఆమెకు వివరించాను. ఆమెకు తాబేళ్ల సంగతే ఎక్కువ ఆశాజనకంగా కనిపించినట్లుంది. పక్షి తాకి, చేప చూసి, తాబేలు తలచుకొని పిల్లల్ని పొదుగుతాయని మన పెద్దలు చెప్పేవారు. లోకాన్ని కేవలం తలచుకుంటూ బాగుచేయాలని చూసిన మావంటి వారికి ఆ పోలిక మరీ దగ్గరగా తగులుతుంది.

నా మనసును అన్నింటికన్నా పట్టుకున్నది వేడి సంగతి. గూటిలోని ఇసుక ఎంత వెచ్చగా ఉందన్న దాన్ని బట్టి పిల్ల ఆడా మగా అన్నది తేలుతుంది. వేడి పెరిగిన కొద్దీ ఆడపిల్లలే ఎక్కువవుతాయి. మన ఇళ్లలో అబ్బాయిలకు సంబంధాలు కుదరడం లేదని తల్లిదండ్రులు పెళ్లిళ్ల పేరయ్యల చుట్టూ తిరుగుతున్న ఈ రోజులలో, భూతాపం ఇలాగే పెరిగితే తాబేళ్ల ఇళ్లలో అమ్మాయిలకు వరుళ్లు దొరకని కాలం వస్తుంది. ఈ మాట పైకి అన్నప్పుడు నవ్వింది నేనొక్కణ్ణే. సేకరించిన గుడ్లను పూడ్చి ఉంచే పొదుగుదల ఆవరణలపై కొన్ని చోట్ల నీడ కల్పించడం ఈ కారణం చేతనేనని ఒంగోలు కుర్రవాడు ఓపికగా చెప్పాడు.

నడక అర్ధరాత్రి మొదలైంది. టార్చి వేయకూడదు, ఫోను తెరవకూడదు. పొడి ఇసుకలో కాలు కూరుకుపోతుంది, తడి ఇసుకలో అల తడిపేస్తుంది; రెంటి మధ్య గట్టిగా ఉండే చారను పట్టుకొని నడవడం తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. తీరప్రాంతపు దీపకాంతి వల్ల పిల్ల తాబేళ్లు దారి తప్పి రోడ్డు వైపు పాకుతాయని ఒకప్పుడు వ్యాసం రాసినవాణ్ని నేను. ఆ రాత్రి బృందం మొత్తంలో ఫోను మోగి తెర వెలిగినది నాదొక్కటే. ఇల్లు చేరామా అని మా అమ్మాయి అడిగింది.

రెండు గంటల ప్రాంతంలో, ట్రాక్టరు చక్రం దొర్లినట్లు ఇసుక మీద ఒక జాడ కనిపించింది. తల్లి అప్పటికే వెళ్లిపోయింది. ఒక విద్యార్థిని సన్నని కర్రతో నేలను సుతారంగా గుచ్చుతూ మెత్తగా దిగిన చోటు పట్టుకొని, బోర్లా పడుకొని భుజం దాకా చేయి పెట్టి తవ్వింది. మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా, కుండ పోలికలో ఉన్న గుంతలోంచి పింగ్‌పాంగ్ బంతుల వంటి మెత్తని గుడ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కుక్కల నుంచీ మనుషుల నుంచీ కాపాడటానికి వాటిని గుడ్డసంచిలో తీసుకెళ్లి, కంచె లోపల అదే లోతున, అదే ఆకారంలో తవ్విన గుంతలో మళ్లీ పూడుస్తారు. లెక్కపెట్టే పని మా మనవరాలికి అప్పగించారు. నూట పదిహేడు. నేను నూట పదహారని అన్నాను, మళ్లీ లెక్కించారు, నూట పదిహేడే.

ఇక లోపాలు. దారి పొడుగునా మూత్రశాల దొరకదు, ఇది మా వయసు వారికి చిన్న విషయం కాదు. నడక ముగిసేసరికి నాలుగవుతుంది, ఆ వేళ ఆటోవాలా అడిగినదే ధర. చిన్నపిల్లలతో వెళ్లేవారు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి: బతికున్న తాబేలు కనిపించకపోవచ్చు, చచ్చినది కనిపించవచ్చు. మాకు ఒకటి ఎదురైంది. పెద్ద వలను ఈడ్చుకెళ్లే ట్రాలర్ పడవ వలలో చిక్కి, ఊపిరి కోసం పైకి రాలేక చనిపోయి ఉంటుందని చెప్పారు. 2025 జనవరిలో ఈ తీరానికి ఇటువంటి కళేబరాలు వందలకొద్దీ కొట్టుకొచ్చాయి. మా పిల్ల అక్కడ చాలాసేపు నిలబడింది. జేబులో ఎప్పుడూ ఏదో ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండే నాకు ఆ సమయానికి ఏదీ తోచలేదు.

యాభై రోజుల తర్వాత, పిల్లలను సముద్రంలోకి వదిలే సాయంత్రం మళ్లీ వెళ్లాం. ఇసుకలో గీత గీసి పెద్దలందరినీ దాని వెనుక నిలబెట్టారు. అరచేతిలో సగం కూడా లేని ఆ ప్రాణులు తెడ్ల వంటి కాళ్లు ఊపుకుంటూ అలల దాకా పాకడానికి అరగంట పట్టింది. వీటిలో ఏదైనా గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే పదేళ్లు పైనే పడుతుందని విని మా మనవరాలు నా వైపు చూసి, మనసులో ఏదో కూడిక వేసుకొని, మర్యాదకు పైకి చెప్పలేదు.

వచ్చే జనవరికి మళ్లీ నమోదు చేస్తానంటోంది. దారిలో ఎవరికీ ఉపన్యాసం ఇవ్వనని, ఫోను ఇంట్లోనే వదిలి వస్తానని ఒప్పుకుంటే నా పేరు కూడా రాస్తుందట. ఫోను సంగతి ఒప్పుకున్నాను.