ఒకే పళ్ళ డాక్టరు దగ్గర తొమ్మిదేళ్ళు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా డెంటిస్టు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టి నాకు తొమ్మిదేళ్ళు నిండాయి. మంచి పళ్ళ డాక్టరు ఎవరని స్కూలు స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పేరు చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టని ఇదంతా రాస్తున్నాను.

అంతకుముందు నొప్పి పుడితేనే వెళ్ళేవాణ్ణి. ఓ క్లినిక్‌లో కింది దవడ పన్ను కదులుతోందని చెబితే పది నిమిషాల్లో పీకి పంపేశారు. ఎందుకు కదిలిందో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడాది తిరక్కుండా పక్క పన్నూ కదలడం మొదలైంది. అప్పుడు ఈవిడ దగ్గరికి వచ్చాను.

మొదటిరోజు క్లీనింగ్ చేయలేదు. మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నటి కడ్డీని చిగురుకీ పంటికీ మధ్య మెల్లగా దించుతూ, ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు చూశారు. "రెండు, మూడు, రెండు... ఐదు, ఆరు" అని ఆవిడ పైకి చదువుతుంటే అసిస్టెంటు అమ్మాయి రాసుకుంది. "మూడు దాకా పరవాలేదు మాస్టారూ. అంతకు మించితే మీ బ్రష్ అందదు, గార లోపలే పేరుకుంటుంది, పంటిని పట్టుకున్న ఎముక కరుగుతుంది" అంటూ ఆ కాగితం నకలు నా చేతికిచ్చారు. నోట్లో ఏముందో నాకు అంకెల్లో తెలియడం అదే మొదలు.

షుగర్ ఉందా అని అడిగారు. లేదన్నాను. "చూపించుకున్నారా?" లేదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష రాశారు, 8.4 వచ్చింది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవు, చిగుళ్ళలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగరూ ఓ పట్టాన దిగదు. నా షుగర్ బయటపడింది పళ్ళ డాక్టరు వల్ల. ఆ ఒక్కదానికే ఆవిడకు జీవితాంతం రుణపడి ఉంటాను.

తర్వాతిసారి నా బ్రష్ తెచ్చుకోమన్నారు. కుచ్చు ఇటూ అటూ విరబోసుకుని ఉంది. అద్దం చేతికిచ్చి, మీరు రోజూ ఎలా తోముతారో తోమి చూపించండి అన్నారు. యాభై దాటినవాణ్ణి, మొహమాటపడ్డాను. ఆవిడ తప్పు పట్టలేదు. మెత్తటి బ్రష్ ఒకటి తీసి, నా బొటనవేలి గోరు మీద ఆనించి, "గోరు తెల్లబడితే ఎక్కువ నొక్కినట్టు" అని చూపించారు. బ్రష్‌ని చిగురు వైపు ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపాలి, పొద్దునా రాత్రీ రెండేసి నిమిషాలు. పేస్టు ఉమ్మేశాక వెంటనే నీళ్ళతో పుక్కిలించకూడదు, ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు నిలవాలి. అప్పటిదాకా నేను బలం కొద్దీ తోమేది పళ్ళ ముందుభాగాలే. కింది పళ్ళ వెనక గార గోడలా ఉందని ఆ అద్దంలోనే చూశాను.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని మా ఇంట్లో గట్టి నమ్మకం. లోతు క్లీనింగ్ అయ్యాక సందులు కనబడేసరికి నాకూ టెన్షన్ పట్టుకుని ఫోన్ చేశాను. సాయంత్రం రమ్మని, పాత ఫోటో పక్కన పెట్టి చూపించారు. ఆ సందులు ముందే ఉన్నాయి, వాటిని నింపింది గార. వాపు దిగాక బయటపడ్డాయి.

ఆ సందుల కోసం చిన్న బ్రష్‌లు ఇచ్చారు. సీసాలు కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేసినట్టుంటాయి. ఏ సందుకి ఏ సైజో ఆవిడే పెట్టి చూసి రాశారు. మెడికల్ షాపుల్లో అన్ని సైజులూ దొరకవు, ఖరీదూ తక్కువేం కాదు. అయినా నాలుగేళ్ళలో ఆరులన్నీ నాలుగుకి దిగాయి.

2020 లాక్‌డౌన్‌లో ఆ బ్రష్‌లు మానేశాను. తర్వాత చూపిస్తే రెండు చోట్ల మళ్ళీ ఆరు. నేనే మానేశానని చెప్పేశాను. కోప్పడలేదు. "రాత్రి భోజనం అయ్యాక మొదట ఏం చేస్తారు?" అని అడిగారు. మర్నాటి పాఠం చూసుకుంటానన్నాను. "అయితే ఆ పుస్తకం మీదే బ్రష్ పెట్టండి." ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

గుండె డాక్టరు రక్తం పలచబడే మాత్ర రాసినప్పుడు ఆ సంగతీ వెళ్ళగానే చెప్పాను. సొంతంగా ఆపేయొద్దని చెప్పి, ఆ గుండె డాక్టరుతో తనే మాట్లాడాక పని మొదలుపెట్టారు.

లోపాలూ ఉన్నాయి. ఆరు గంటలకి రమ్మంటే ఏడు దాటేది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. గట్టిగానే చెప్పాను. అప్పటినుంచి మా అమ్మకి పొద్దున మొదటి అపాయింట్‌మెంటు ఇస్తున్నారు, మెట్ల మధ్యలో కుర్చీ వేయించారు.

అమ్మది భీమిలి వైపు పల్లె. అక్కడి ఆడవాళ్ళలో చాలామందిలాగే చుట్టని నిప్పున్న కొస నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగేది. మానేసి పదిహేనేళ్ళయింది. ఆ వేడీ పొగా అంగిలికి తగిలి క్యాన్సర్ దాకా పోవచ్చని, మానేసినవాళ్ళనీ చూస్తూ ఉండాలని డాక్టరు గారు మొదటిసారే చెప్పారు. ఆర్నెల్లకోసారి లైటు వేసి అంగిలంతా చూస్తారు. మొదట్లో అమ్మ సిగ్గుతో నోరే తెరిచేది కాదు. మొన్న కుర్చీలో కూర్చుంటూనే, "పళ్ళు తర్వాత, ముందు అంగిట్లో చూడమ్మా" అంది.