ఎనభైల డాన్స్ పాటల క్విజ్ కార్డులు కొనేవారికి హెచ్చరిక: జవాబుల వైపే తప్పులున్నాయి

ఎనభైల నాటి ఇంగ్లీషు డాన్స్ పాటల మీద ప్రశ్నల కార్డుల పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మూత మీద గులాబీ రంగు క్యాసెట్ బొమ్మ, లోపల రెండు వందల కార్డులు, వెల 1,499 రూపాయలు. మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్లం చాలా ఏళ్లకు కలుసుకుంటున్న సందర్భంగా నేను దాన్ని తెప్పించాను. కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టేముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా మనవి.

ఆట మొదలైన పావుగంటకే గొడవ వచ్చింది. ‘వీనస్’ పాటను మొట్టమొదట పాడిందెవరన్న ప్రశ్నకు కార్డు వెనక బననరామా అనే బ్రిటిష్ బృందం పేరు ఉంది. హాస్టల్లో క్యాసెట్ల పిచ్చివాడిగా పేరుపడ్డ మా మిత్రుడు, అది 1969లో షాకింగ్ బ్లూ అనే డచ్ బృందం ఇచ్చిన పాట అనీ, బననరామా 1986లో దాన్ని మళ్లీ పాడి అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి చేర్చిందనీ వాదించాడు. ప్రశ్నలు అడుగుతున్నది నేను కాబట్టి, కార్డును నమ్మి అతనికి మార్కు ఇవ్వలేదు. ఫోనులో చూసుకున్నాక ఇచ్చాను గాని, అప్పటికే ఆటలో ఉత్సాహం చచ్చిపోయింది.

ఇంటికి వచ్చి రెండు సాయంత్రాలు కూర్చుని కార్డులన్నీ సరిచూశాను. ముప్పైకి పైగా తప్పులు తేలాయి. వాటిలో ఎక్కువ భాగం ‘వీనస్’ తరహావే: కవర్ వెర్షన్‌ను, అంటే వేరొకరు మళ్లీ పాడినదాన్ని, అసలు పాటగా భావించి రాసినవి. ‘టెయింటెడ్ లవ్’ను సాఫ్ట్ సెల్ 1981లో పాడకముందే, 1965లో గ్లోరియా జోన్స్ పాడింది. లారా బ్రానిగన్ ‘గ్లోరియా’కు మాతృక 1979లో ఉంబెర్తో తొజ్జి పాడిన ఇటాలియన్ పాట. కైలీ మినోగ్ పాడిన ‘లోకోమోషన్’ 1962 నాటికే లిటిల్ ఈవా గొంతులో వచ్చింది. పాత పాటకు సింథసైజర్, డ్రమ్ మెషిన్ లాంటి ఎలక్ట్రానిక్ వాద్యాలు తొడిగి కొత్తగా ఆడించడం ఆ దశాబ్దపు డాన్స్ సంగీతంలో ఒక పెద్ద ముచ్చట. ఆ ముచ్చటే తెలియని మనిషి ప్రశ్నలు తయారుచేశాడని నాకు అనిపిస్తోంది.

రెండో రకం తప్పులు ఇంతకన్నా ప్రమాదకరమైనవి, ఎందుకంటే పైకి అవి సరైనవిగానే కనిపిస్తాయి. ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ తొలిసారి విడుదలైన సంవత్సరం అడిగి, జవాబు 1986 అని వేశారు. పెట్ షాప్ బాయ్స్ ఆ పాటను బాబీ ఓర్లాండో నిర్మాణంలో 1984లోనే విడుదల చేశారు. నిర్మాత స్టీఫెన్ హేగ్‌తో మళ్లీ రికార్డు చేసినది 1985లో వచ్చింది. బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది 1986 జనవరిలో. రిక్ ఆస్ట్లీ ‘నెవర్ గోనా గివ్ యూ అప్’ విషయంలోనూ ఇదే తంతు: 1987లో విడుదలై ఆ ఏడాదే బ్రిటన్‌లో అగ్రస్థానం చేరిన పాటకు, అది అమెరికాలో ఆ స్థానం చేరిన 1988ని విడుదల సంవత్సరంగా చూపించారు.

మడోన్నా ‘ఇంటు ద గ్రూవ్’ కార్డు చూస్తే మాత్రం నిజంగా బాధ కలిగింది. అమెరికాలో వారం వారం వెలువడే పాటల జాబితా హాట్ 100లో ఆ పాట మొదటి స్థానం పొందిందని రాశారు. బ్రిటన్‌లో 1985లో ఆమెకు తొలి నంబర్ వన్ అదే. అమెరికాలో మాత్రం దాన్ని ‘ఏంజెల్’ 12 అంగుళాల రికార్డుకు రెండో వైపు పాటగానే ఇచ్చారు కనుక, నాటి నిబంధనల ప్రకారం హాట్ 100లో చేరే అర్హతే దానికి లేకపోయింది. పెట్టె మొత్తానికి తలమానికం కావలసిన ప్రశ్న అది!

మోడరన్ టాకింగ్‌ను బ్రిటిష్ జంటగా రాయడం మరొకటి. ‘బ్రదర్ లూయీ’ క్యాసెట్ అరిగేదాకా విన్న మా తరానికి థామస్ ఆండర్స్, డీటర్ బోలెన్ జర్మన్లని వేరే చెప్పాలా? మిల్లీ వనిల్లీ జంటకు 1990లో ఉత్తమ నూతన కళాకారుల గ్రామీ సంగీత పురస్కారం వచ్చిందని రాసి ఊరుకున్నారు. పాడింది వారు కాదని తేలి, అదే ఏడాది నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్న సంగతి ఎత్తనే లేదు. న్యూ ఆర్డర్ ‘బ్లూ మండే’ వివరాలు సరిగ్గానే ఉన్నాయి, ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే అసలు పాట వస్తుందని ప్రకటనలో ఉంది. నేను విన్నవాటిలో చాలావరకు తరువాతి కాలంలో మళ్లీ పాడి రికార్డు చేసినవే. ఆ సంగతి పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు జవాబిచ్చారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. వారు రెండూ చేయలేదు కనుక జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇప్పటికే కొన్నవారు బిల్లునూ, తప్పున్న కార్డుల ఫొటోలనూ దాచుకోవడం మంచిది. ఇంకా కొననివారు ‘వీనస్’, ‘గ్లోరియా’ కార్డుల వెనకవైపు ఫొటోలు పంపమని అమ్మకందారును ముందే అడగండి.

నిన్న చూస్తే అదే పెట్టె ‘సవరించిన ముద్రణ’ పేరుతో 1,799 రూపాయలకు కనిపించింది. నమూనాగా పెట్టిన కార్డు ‘వీనస్’. జవాబు ఇప్పటికీ బననరామాయే.