ఉప్పుగాలికి రంగు మారిన స్మార్ట్‌వాచ్ కేసింగ్: విశాఖలో రెండేళ్లు దాటిన వాడకం తర్వాత

నల్లటి అల్యూమినియం కేసింగ్ ఉన్న స్మార్ట్‌వాచ్‌ని రెండేళ్లకు పైగా రోజూ పెట్టుకున్నాక రాస్తున్న సమీక్ష ఇది. లోపలి యంత్రం ఇప్పటికీ బాగుంది, పాడైంది బయటి లోహమే. కొనేటప్పుడు స్క్రీన్ చూస్తాం, బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందని అడుగుతాం, జీపీఎస్ ఎంత తొందరగా పట్టుకుంటుందో వీడియోల్లో చూస్తాం. కేసింగ్ ఏ లోహం, దానికి రంగు ఎలా ఎక్కించారు అని అడిగేవాళ్లు అరుదు. సముద్రం పక్కన ఉండేవాళ్లు ముందు అడగాల్సింది అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. వాచ్ పేరు చెప్పడం లేదు. ఇది ఒక్క కంపెనీతో వచ్చిన సమస్య కాదు, రంగు వేసిన అల్యూమినియం వాడే ఎవరి వాచ్‌కైనా ఈ గాలిలో ఇది రావచ్చు.

మిగతా విషయాలు క్లుప్తంగా చెప్పేస్తాను. కొత్తలో వారం వచ్చిన బ్యాటరీ ఇప్పుడు నాలుగైదు రోజులొస్తోంది. గుండె వేగం, నడక లెక్క, నిద్ర లెక్క నాకు సరిపోయేంత బాగున్నాయి. అద్దం మీద చెప్పుకోదగ్గ గీత లేదు. బటన్ ఇంకా మెత్తగానే నొక్కుకుంటోంది.

కేసింగ్ దగ్గరికొద్దాం. మా ఇల్లు పెద్దవాల్తేరులో. పొద్దున్నే బండ్లు ఆపేసే వేళ బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి వైపు నుంచి నడక, సాయంత్రం మళ్లీ కాసేపు. మన ఊరి ఉక్కపోత తెలిసిందే, నడక సగం అయ్యేసరికి బెల్టు కింద మణికట్టు తడిసిపోతుంది. ఆపైన అలల తుంపర మోసుకొచ్చే ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క ఫ్లాట్లలో బాల్కనీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు పెయింట్ వేయించాలో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు ఎలా పొడి రాలిపోతాయో అక్కడుండేవాళ్లను అడగండి. కురుసుర జలాంతర్గామిని 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా తెరిచారు. సముద్రంలో తిరగడానికే కట్టిన ఆ ఉక్కు శరీరానికి కూడా ఒడ్డు మీద తుప్పు తప్పలేదు, మరమ్మతులు చేయిస్తూనే ఉండాల్సి వస్తోంది.

నా వాచ్ మీద మూడు రకాల మార్పు వచ్చింది, మూడింటికీ కారణాలు వేరు. మొదటిది, టేబుల్‌కి రాసుకునే కింది అంచు. అక్కడ నలుపు అరిగి తెల్లటి లోహం సన్నని గీతలా బయటపడింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, వాడితే అరుగుతుంది. రెండోది, పైన ఎండ తగిలే వైపు నలుపు కాస్తా గోధుమ, ఊదా కలిసిన రంగుకి తిరిగింది. ట్యూబ్‌లైటు కింద తెలియదు, ఎండలో చెయ్యి చాపితే తెలుస్తుంది.

మూడోదే నన్ను బాధపెట్టింది. బెల్టు వచ్చి దూరే గాడి దగ్గర, కేసింగ్ మూలల్లో తెల్లటి చుక్కలు లేచాయి. ఉప్పు రవ్వలేమో అనుకుని తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. బెల్టు ఊడదీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే గాడి లోపల చెమట, దుమ్ము కలిసి బూడిదరంగు ముద్దలా పేరుకుని ఉంది. టూత్‌పిక్‌తో దాన్ని తీశాక అసలు సంగతి కనపడింది. నలుపు పొర చిన్న పొక్కుల్లా లేచి, ఒక్కో పొక్కు నడుమ గుంట పడింది. గోరు పెట్టి లాగితే ఆ గుంటలో ఆగుతోంది. గుంటలోంచి వచ్చే తెల్లపొడే అల్యూమినియం తుప్పు. ఇనుములా ఎర్రగా రాదు కాబట్టి చాలామంది దాన్ని మురికి అనుకుని వదిలేస్తారు.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే జాగ్రత్త పడటం తేలిక. అల్యూమినియానికి ఈ నలుపు వేసేది పెయింట్‌తో కాదు. లోహాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పంపి, పైన ఆక్సైడ్ పొర పెంచుతారు. దాన్నే అనోడైజింగ్ అంటారు. ఆ పొర నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వాటిలోకి రంగు పట్టించి, చివర్లో వేడినీళ్లతోనో రసాయనంతోనో వాటిని మూసేస్తారు. రంగు వేసే ఈ రకం పొర మందం మామూలుగా 25 మైక్రాన్లకు మించదు, అంటే తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. పొర గట్టిదే, దాని కిందున్న లోహం మెత్తన. ఎక్కడైనా దెబ్బ తగిలి పొర చిట్లితే చెమటలోని ఉప్పు, గాలిలోని ఉప్పు ఆ చీలికలోంచి దిగి కింది లోహాన్ని తినడం మొదలుపెడతాయి. పైకి చిన్న చుక్క, కింద పెద్ద గుంట. రంగు తిరగడానికి కారణం మాత్రం ఎండ. రంధ్రాల్లో పట్టించిన రంగు సేంద్రియ రసాయనమైతే అతినీలలోహిత కిరణాలకు మెల్లగా విరిగిపోతుంది.

షిప్‌యార్డులో పనిచేసే మా బావగారు చెప్పాక ఇంకో సంగతి అర్థమైంది. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీళ్లలో రెండు లోహాలు కలిసి ఉంటే బలహీనమైనది ముందు కరిగిపోతుంది కాబట్టి, ఉక్కుకి బదులు జింకు పోతుంది. నా వాచ్‌లో బెల్టు పిన్ను స్టీలు, గాడి అల్యూమినియం, మధ్యలో చెమట. అక్కడ బలయ్యేది కేసింగే. గుంటలు సరిగ్గా పిన్ను చుట్టూనే ఎక్కువగా ఉండటం చూస్తే ఆయన మాట నిజమేననిపించింది.

సర్వీస్ సెంటర్‌లో ఇది అందానికి సంబంధించిన లోపమని, వారంటీ కిందికి రాదని చెప్పారు. "నీళ్లకు తట్టుకుంటుందని పెట్టె మీద రాశారు కదండీ" అంటే, అది నీళ్లు లోపలికి దిగకపోవడానికేనన్నారు. నిజమే. ఐపీ68 అంటే దుమ్ము, నీళ్లు లోపలికి వెళ్లవని చెప్పే రేటింగ్, ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు. 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతుకు సమానమైన నిశ్చల నీటి ఒత్తిడికి తట్టుకోవడం. ఆ రెండూ ఉప్పుకి లోహం రంగు ఏమవుతుందో చెప్పవు. కానీ కొనేవాడికి ఆ తేడా అంగడిలో ఎవరూ చెప్పరు, అక్కడే నాకు కోపం. సముద్రతీరపు ఊళ్లలో ఇన్ని వాచీలు అమ్ముతున్నప్పుడు ఆ ఒక్క మాట పెట్టె మీద వేయాలి.

జగదాంబ దగ్గర సందులో వాచీలు బాగుచేసే పెద్దాయనకు చూపించాను. "బాబాయ్, దీనికి మళ్లీ నలుపు వేయించొచ్చా?" అని అడిగితే, అద్దం కంటికి పెట్టుకుని గాడి చూశారు. "నలుపెయ్యాలంటే లోపలిదంతా ఊడదియ్యాల బాబూ. గమ్ము పోద్ది, ఆనక నీళ్లు దిగిపోతాయి. దాన్నలా ఒగ్గేయండి. రోజూ మంచినీళ్లతో కడుగుతున్నారేటి?" అన్నారు. డబ్బులు తీసుకోలేదు. ఆయన మాటే ఇప్పుడు పాటిస్తున్నాను.

నడక నుంచి రాగానే వాచ్‌ని కుళాయి కింద మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద ఆరనిస్తాను. వారానికోసారి బెల్టు ఊడదీసి గాడి శుభ్రం చేస్తాను. ఇది మొదలుపెట్టాక ఉన్న గుంటలు పోలేదు కానీ కొత్తవి రావడం బాగా తగ్గింది. టూత్‌పేస్ట్‌తో రుద్దమని చాలామంది చెబుతారు, వద్దు. అది రాపిడి పదార్థం, మిగిలిన నలుపు కూడా గీకేస్తుంది. వంటసోడా, బట్టల సబ్బు క్షారాలు, ఆక్సైడ్ పొరకు క్షారం పడదు. నిమ్మరసం, వెనిగర్ కూడా దూరంగా ఉంచండి. దోమల కోసం డీట్ ఉన్న క్రీము రాసుకుంటే అది ఆరాకే వాచ్ పెట్టండి, డీట్ కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. మా ఆఫీసులో ఒకరు కేసింగ్ కాపాడుకోవాలని రబ్బరు తొడుగు వేశారు. దాని కింద చెమట ఆరే దారి లేక ఆయన వాచ్ నా దానికన్నా తొందరగా పొక్కులెక్కింది.

ఛార్జింగ్ పిన్నుల మాట వేరే చెప్పాలి. వాచ్ తడిగా ఉండగా ఛార్జర్ తగిలిస్తే ఆ చెమట గుండా కరెంటు పారుతుంది, ప్లస్ వైపు పిన్ను మీది పూత కరిగిపోతుంది. నా వాచ్‌కి ఒక పిన్ను ఆకుపచ్చగా తిరగడం కనపడింది. అప్పటినుంచి పూర్తిగా ఆరనిదే ఛార్జర్ దగ్గరికి తీసుకెళ్లడం లేదు. కేసింగ్ రంగు పోతే వాచ్ నడుస్తుంది, పిన్ను పోతే ఆగిపోతుంది.

మా బావగారిది పూత లేని 316ఎల్ స్టీలు వాచ్, ఆయన ఉద్యోగం అంతా సముద్రపు ఒడ్డునే. దాని మీద గీతలున్నాయి కానీ రంగు మార్పు లేదు. 316 రకం స్టీలులో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది, ఉప్పుకి తట్టుకునే శక్తి అందులోంచే వస్తుంది. గీతలు పడ్డా పాలిష్ పట్టించుకోవచ్చు. టైటానియం ఇంకా మేలు, ధర మాత్రం ఎక్కువ. డబ్బు సరిపోక అల్యూమినియమే కొనాల్సి వస్తే నలుపు, నీలం వద్దు, వెండి రంగు తీసుకోండి. గుంటలు దానికీ పడతాయి, కాకపోతే అరుగుడు కనపడదు, ఎండకు తిరిగే రంగూ ఉండదు.

నా తర్వాతి వాచ్ పూత లేని స్టీలే. కొనబోయేవాళ్లు స్పెసిఫికేషన్లలో కేసింగ్ వరస తప్పకుండా చదవండి. "మెటల్ ఫినిష్", "మెటాలిక్ బాడీ" అని మాత్రమే ఉండి లోహం పేరు లేకపోతే, అది ప్లాస్టిక్ మీద పూతో, జింకు మిశ్రమం మీద పూతో అయ్యుండొచ్చు. అమ్మేవాళ్లు లోహం పేరు చెప్పలేకపోతే బీచ్ పక్కన ఉండేవాళ్లు ఆ వాచ్ తీసుకోవద్దు.