టేపు తగలని ప్యాకింగ్: కొండపల్లి బొమ్మలకు హనీకోంబ్ పేపర్ వాడాక

హనీకోంబ్ పేపర్ అంటే వరసగా గాట్లు పెట్టిన క్రాఫ్ట్ కాగితం రోలు, లాగితే తేనెపట్టులా గళ్లు విచ్చుకుంటాయి. దాన్ని మెచ్చుకునేవాళ్లు ముందుగా చెప్పేది అది ప్లాస్టిక్ కాదని. కొండపల్లి బొమ్మలు పార్సిల్ కట్టి పంపే నేను దాన్ని పట్టుకుని ఉన్నది అందుకు కాదు. మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించిన, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ ఉంది కానీ ప్యాకింగ్‌కి వాడే బబుల్ షీట్ లేదు. కాబట్టి మారక తప్పని పరిస్థితేమీ నాకు రాలేదు. నాకు నచ్చింది ఒక్కటే: దీనికి టేపు అక్కర్లేదు. లాగి, చుట్టి, చివరి అంచును చేత్తో నొక్కితే చాలు. ఒక పొర గళ్ల అంచులు ఇంకో పొర గళ్లలో ఇరుక్కుని అలాగే నిలబడతాయి.

టేపు లేకపోతే ఏమిటంత సంబరం అనిపించవచ్చు. కొండపల్లి బొమ్మను ఒకసారి దగ్గరగా చూడండి. అది ఒకే దుంగలోంచి చెక్కింది కాదు. తెల్ల పొణికి చెక్కతో ఒళ్లు వేరుగా, చేతులు వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. పొణికి చాలా తేలికైన చెక్క. దెబ్బ తగిలినప్పుడు చెక్క పగలడం తక్కువ, అతుకు ఊడటమే ఎక్కువ. అంబారీ ఏనుగు మీద మావటి చెయ్యి, పరశురాముడి గొడ్డలి ముందు పోతాయి. బబుల్ షీట్ బిగించి టేపు వేస్తే దారిలో బాగానే ఉంటుంది. బొమ్మ అందుకున్నవాళ్లు బ్లేడుతో టేపు కోసేటప్పుడో, ఓపిక లేక గట్టిగా గుంజేటప్పుడో అతుకు వదిలేస్తుంది. ఇన్ని వందల కిలోమీటర్లు క్షేమంగా వెళ్లిన బొమ్మ, ఇంట్లో పిల్లల కళ్ల ముందు చెయ్యి ఊడి బయటికి వస్తే ఆ ఫోన్ కాల్ తీసుకోవడం చాలా కష్టం.

బబుల్ షీట్ మీద నా కోపానికి ఇంకో కారణం రంగు. ఎనామిల్ వేసిన బొమ్మను నేరుగా అందులో చుట్టి మే నెల ఎండలో పంపితే, గాలి బుడగలు నొక్కుకున్నచోటల్లా గుండ్రటి మచ్చలు పడతాయి. ఒక పెళ్లికూతురు బొమ్మ బుగ్గ మీద అలాంటి వలయాలు మూడు నేనే చూశాను. పక్కనుంచి వెలుతురు పడితే మెరుపు పోయిన చోటు స్పష్టంగా తెలుస్తోంది. "చేతికి అంటకపోతే ఆరినట్టు కాదమ్మా, లోపల కూడా ఆరాలి," అన్నారు బొమ్మలు చేసే బాబాయ్. ఆయన చెప్పింది నిజమే. కానీ పండగ ఆర్డర్లు మీదపడ్డప్పుడు అన్నాళ్లు ఎవరూ ఆగలేరు. బబుల్ షీట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1957లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు గోడకు అంటించే కాగితం చేద్దామని మొదలుపెడితే వచ్చింది అది. గోడకు పనికిరాలేదు కానీ, ఐబీఎం 1401 కంప్యూటర్ల రవాణాలో అక్కరకొచ్చి నిలదొక్కుకుంది. బరువైన యంత్రానికి అది సరిపోయింది. పచ్చి రంగు బొమ్మకు సరిపోదు.

మధ్యలో కొన్నాళ్లు తెల్ల ఫోమ్ షీటు కూడా వాడాను. మందంగా ఉంది కదా అని ధైర్యపడ్డాను కానీ అది మన బొమ్మలకు గట్టిది. పెట్టె కింద పడ్డప్పుడు లోపలి వస్తువు బరువుకు మెత్తటి పొర కొంత అణగాలి, ఆ అణిగే దూరంలోనే దెబ్బ చచ్చిపోవాలి. పావుకిలో కూడా లేని బొమ్మ గట్టి ఫోమ్‌ను ఏం అణచగలదు? దెబ్బంతా బొమ్మకే తగులుతుంది. హనీకోంబ్ కాగితం గళ్లు సన్నవి కాబట్టి తేలిక బొమ్మకు కూడా నలుగుతాయి. నలిగి దెబ్బను అవి తీసుకుంటాయి.

ఇక అసలు సంగతి. మెల్‌బోర్న్‌లో ఉండే ఒకావిడ దసరా బొమ్మల కొలువు కోసం దశావతారాల సెట్టు అడిగారు. ఆస్ట్రేలియా పార్సిల్ అంటే నాకు ఎప్పుడూ టెన్షనే. అక్కడికి ప్యాకింగ్‌లో గడ్డి పెట్టి పంపడానికి లేదు. చెక్క వస్తువులైతే పురుగు ఉందేమో అని తెరిచి చూసే అవకాశం ఉంది. అంతకుముందు ఒక పార్సిల్‌ని అలాగే తెరిచారు. టేపు కోసి, చూసి, విడిపోయిన బబుల్ షీట్లను బొమ్మల మీద అలా పరిచి మూసేశారు. కొన్నవాళ్లకు చేరేసరికి లోపల బొమ్మలు ఒకదానికొకటి కొట్టుకుని సగం చేతులు అడుగున పడి ఉన్నాయి. తనిఖీ చేసేవాళ్లను తప్పుపట్టను, వాళ్ల పని వాళ్లు చేశారు. కోసిన టేపు మళ్లీ అతుక్కోదు, అంతే.

ఈసారి పదిమంది అవతారాలనూ విడివిడిగా టిష్యూలో, ఆపైన హనీకోంబ్‌లో చుట్టి పంపాను. పెట్టె అందగానే ఆవిడ వీడియో తీసి పంపారు. అట్టపెట్టె మీద తనిఖీ టేపు చూడగానే నా గుండె జారిపోయింది. మూత తీశారు. చుట్టలన్నీ చుట్టలుగానే ఉన్నాయి. నాలుగైదు నేను చుట్టినంత బిగువుగా లేవు. వాటిని విప్పి చూశారని తెలుస్తోంది. కానీ చూశాక మళ్లీ చుట్టి పెట్టగలిగారు. చుట్టడానికి టేపూ కత్తెరా వెతుక్కోనక్కర్లేదు, నేర్పు కూడా అక్కర్లేదు. ఆవిడ అంచు పట్టుకుని లాగితే సరసరమని కాగితం వదిలింది, వామనుడు గొడుగుతో సహా బయటికొచ్చాడు. పరశురాముడి గొడ్డలి చివర మాత్రం కొంచెం రంగు లేచింది. మిగతా తొమ్మిదీ ఇక్కడ కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆ వీడియో మా వీధిలో బొమ్మలు చేసేవాళ్లందరికీ చూపించాను.

ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చెప్పాలి. వానాకాలంలో ఈ కాగితం మాట నిలబెట్టుకోదు. ఆగస్టులో కొట్టు నేల మీద నిలబెట్టిన రోలు కింది భాగం చెమ్మ పీల్చుకుంది. లాగితే గళ్లు విచ్చుకున్నాయి కానీ వదలగానే పడుకున్నాయి. పడుకున్న గళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, దెబ్బా ఆపవు. అప్పటికి అది మామూలు క్రాఫ్ట్ కాగితమే. ఇప్పుడు రోలును పాలిథిన్ కవరులో మూతి కట్టి అటక మీద పెడుతున్నాను. ప్లాస్టిక్ మానేద్దామని దీనికి మారాలనుకునేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైగా ఇందాక దెబ్బను తనే తీసుకుంటుంది అన్నాను కదా, ఒకసారి నలిగిన గడి మళ్లీ లేవదు. రెండోసారి పడితే అక్కడ రక్షణ తక్కువే. కాగితం గరుకు కాబట్టి లోపల టిష్యూ లేకుండా రంగుకు తగలనివ్వకూడదు.

కొరియర్ ఖర్చు ఇంకో పోటు. తేలికపాటి పార్సిళ్లకు ఘనపరిమాణం చూసి బరువు కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె అంటే మూడు కిలోల కింద లెక్క, లోపలున్నది అరకిలో అయినా సరే. ఇంకో రెండు పొరలు చుడదామని ప్రతి కొలతా ఐదు సెంటీమీటర్లు పెంచితే అది ఐదుంపావు కిలోలవుతుంది. హనీకోంబ్ బబుల్ షీట్ కంటే చోటు ఎక్కువ తింటుంది. కాబట్టి మనసు ఎంత భయపడినా రెండు పొరల దగ్గర చెయ్యి ఆపుకోవాల్సి వస్తోంది.

నా వస్తువు తేలిక, సున్నితం, రంగు వేసినది. రోజుకు కట్టేది కొన్ని పార్సిళ్లే. ఊరు విజయవాడ పక్కనే, ఎండ ఎక్కువ. ఈ లెక్కలో నాకు హనీకోంబ్ బాగా కుదిరింది. సీసాల్లో ఆవకాయ పంపే మా చెల్లెలు అడిగితే మాత్రం వద్దన్నాను. నిండు సీసా బరువుకు గళ్లు దారిలోనే అణిగిపోతాయి. తనకు బబుల్ షీటే మేలు. అక్టోబరు నుంచి జూన్ దాకా నేను పూర్తిగా దీంతోనే కడతాను. జులై నుంచి సెప్టెంబరు దాకా అయితే ముందు రోలు అంచు పట్టుకుని ఒక మూర లాగి చూస్తాను. గళ్లు నిలబడితేనే బొమ్మ చేతిలోకి తీసుకుంటాను.