ఆరేళ్ల తలనొప్పి, మెడనొప్పి: నాకు ఏది పనిచేసింది, ఏది చేయలేదు

తలకి ఎవరో గుడ్డ బిగించి కట్టి ముడేసినట్టు ఉంటుంది నా తలనొప్పి. ఒక పక్కకే కాదు, రెండు కణతలూ, నుదురూ, వెనక మెడ దాకా. పోట్లు ఉండవు, వాంతులు రావు, నడిచినా ఎక్కువ కాదు, కానీ పొద్దున మొదలైందంటే రాత్రి పడుకునేదాకా వదలదు. డాక్టర్ దీన్ని టెన్షన్ తలనొప్పి అన్నప్పుడు నాకు కోపమే వచ్చింది, నేను ఊరికే టెన్షన్ పడిపోయి తెచ్చుకున్నానంటున్నారేమో అని. తర్వాత ఆవిడ నా తల వెనక, పుర్రె మెడను కలిసే చోట, రెండు బొటనవేళ్లతో నొక్కి చూపించారు. నొక్కగానే నొప్పి సరిగ్గా నుదుటి మీదకి పాకింది. ఆ చోటు పట్టేసిందంటే నుదురు నొప్పి పుడుతుందని ఆరోజు అర్థమైంది.

మందుల సంగతి. పారాసెటమాల్ 500 మి.గ్రా. నాకు చాలేది కాదు, 1000 వేసుకుంటే గంటలో తేలికయ్యేది. మెడ కూడా పట్టేసిన రోజున ఐబుప్రొఫెన్ 400 ఇంకా బాగా పనిచేసింది, కాకపోతే ఖాళీ కడుపున రెండు మూడుసార్లు వేసుకున్నందుకు కడుపులో మంట పట్టుకుంది, అప్పటినుంచి తిన్నాకే వేసుకుంటున్నాను. కిడ్నీ జబ్బు, అల్సర్ ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దాని జోలికి వెళ్లకండి. పారాసెటమాల్ కూడా పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి కలిపి లెక్కేసుకోవాలి. కండరాలు సడలించే మాత్ర ఒక వారం వాడాను, నిద్ర తప్ప ఇంకేమీ రాలేదు.

నేను చేసిన పెద్ద తప్పు మాత్రలు లెక్కపెట్టకపోవడం. నొప్పి వస్తుందేమో అని ముందే ఒకటి వేసేసుకునేదాన్ని. మూడో ఏడు డాక్టర్ చెప్పారని క్యాలెండర్ మీద, మాత్ర వేసుకున్న ప్రతి రోజూ గుర్తు పెట్టాను. నెలాఖరుకి లెక్కపెడితే 19. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయట, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలైతే 10 రోజులకే ఆ ప్రమాదం ఉందట. అంటే తగ్గించుకోడానికి వేసుకుంటున్నదే నన్ను మళ్లీ మళ్లీ మంచాన పడేస్తోందన్నమాట. ఇది ఎవరైనా నాకు మొదటి ఏడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! ఆవిడ చెప్పినట్టు మానేశాను. మొదటి పది రోజులు నరకం, కళ్లు తెరవబుద్ధి కాలేదు. మూడో వారానికి నొప్పి లేని రోజులు కనబడ్డాయి.

మానేసేటప్పుడు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు, తర్వాత 25 చేశారు. ఇది నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, రాకుండా రోజూ వేసుకునేది. నోరు ఎండిపోయేది, పొద్దున మత్తుగా ఉండేది, ఆరు వారాల దాకా పెద్ద తేడా తెలియలేదు. తర్వాత మాత్రం నిజంగా తగ్గింది. ఎనిమిది నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టే మెల్లగా తగ్గించి ఆపేశాను.

ఇంట్లో చేసుకునేవాటిలో నా ఓటు కాపడానికే. వేడినీళ్లలో ముంచి గట్టిగా పిండిన టవల్ మెడ మీదా భుజాల మీదా 15 నిమిషాలు వేసుకుంటే బిగుతు వదులుతుంది. బామ్ రాస్తే చల్లగా హాయిగా ఉంటుంది, అరగంటకి ఆ హాయి పోతుంది. బామ్ రాసిన చోటే కాపడం పెట్టకండి, నేను పెట్టి మెడ వెనక చర్మం కాల్చుకున్నాను, వారం రోజులు ఎర్రగా కమిలిపోయి ఉంది. మెడ పటపటమని విరిపించుకోవడం కూడా వద్దు, అరుదుగానైనా మెడలో రక్తనాళం చీలే ప్రమాదం ఉంది.

ఎక్కువ కాలం నిలిచిన మేలు మాత్రం వ్యాయామంతోనే. తల వంచకుండా, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగి ఐదు సెకన్లు పట్టి వదలడం, పదిసార్లు, రోజుకి మూడు విడతలు. చూడటానికి ఇదేం వ్యాయామం అనిపిస్తుంది, నేనూ రెండు నెలలు పట్టించుకోలేదు. స్క్రీన్ కంటి ఎత్తుకి లేపాక, దీన్ని వదలకుండా చేశాక భుజాల మధ్య మంట పోయింది. దిండు మూడు రకాలు మార్చాను, పెద్ద తేడా ఏమీ లేదు.

ఇదంతా డాక్టర్ చూసి టెన్షన్ తలనొప్పే అని తేల్చాకే. ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, వీటికి కాపడాలు పెట్టుకుంటూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

క్యాలెండర్ మీద గుర్తులు ఇప్పటికీ పెడుతున్నాను. పోయిన నెల మూడే ఉన్నాయి, అందులో రెండు రాత్రి ప్రయాణం చేసి వచ్చిన మర్నాటివి.