బేస్ గిటార్‌పై ఎడమ బొటనవేలు: నెక్ వెనుక మేలా, నెక్ మీదుగా మేలా?

అనంతపురంలో నా దగ్గర బేస్ గిటార్ నేర్చుకునేవారూ, చుట్టుపక్కల ఊళ్లలో చర్చి క్వయర్లలోనో పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనో వాయిస్తూ సందేహం వచ్చినప్పుడు ఫోన్ చేసేవారూ పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఎడమచేతి బొటనవేలిని నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి కర్ర భాగం) వెనుక ఆనించి వాయించాలా, నెక్ మీదుగా పైకి చుట్టి వాయించాలా? పోయిన నెల బొటనవేలి నొప్పితో గుత్తి నుంచి వచ్చిన ఒక అబ్బాయి దీన్నే మరింత సూటిగా అడిగాడు. "సార్, వీడియోల్లో ఒకాయన బొటనవేలు బయటికి కనపడనే కూడదంటాడు. ఇంకొకాయన దాన్ని పూర్తిగా పైకేసి వాయిస్తాడు. ఇద్దరూ బాగానే వాయిస్తున్నారు. నేను ఎవరి మాట వినాలి?" రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదు కాబట్టి, నా చేతికి తెలిసినదాన్ని కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా ప్రాంతంలో బేస్ పట్టేవారిలో చాలామంది ముందు మామూలు గిటార్ నేర్చుకున్నవారే. క్వయర్‌లో గిటారిస్టులు ఇద్దరుండి బేస్ వాయించేవారు లేనప్పుడు, ఇద్దరిలో ఒకరి చేతికి బేస్ వస్తుంది. గిటార్ మీద బొటనవేలిని పైకి వేయడానికి సరైన కారణం ఉంది. తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచేటప్పుడు, బొటనవేలు నెక్ పై అంచును గట్టిగా పట్టుకుంటేనే మిగతా వేళ్లకు బలం చిక్కుతుంది. ఆ అలవాటే యథాతథంగా బేస్ మీదికి వస్తుంది. బేస్ మీద తీగ లాగే పని తక్కువ, వేళ్లు చాపే పని ఎక్కువ. వాద్యం మారి, పని మారినా పట్టు మాత్రం పాతదే మిగిలిపోవడం వల్ల మొదలయ్యే ఇబ్బందులే నేను ఎక్కువగా చూస్తున్నాను.

చాపవలసిన దూరం ఎంతో లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. సాధారణ బేస్ మీద నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (అవతలి కొసన తీగలు ఆనే భాగం) దాకా తీగ పొడవు 34 అంగుళాలు. ఎలక్ట్రిక్ గిటార్‌లో బాగా వాడుకలో ఉన్న కొలత 25.5 అంగుళాలు. నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు గీతలే ఫ్రెట్లు. గిటార్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దూరం 10 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. బేస్ మీద అదే దూరం సుమారు 13 సెంటీమీటర్లు. బేస్ మీదే అయిదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ దాకా కొలిస్తే మళ్లీ 10 సెంటీమీటర్ల చిల్లరకు దిగుతుంది. అంటే గిటార్‌కు అలవాటుపడిన చేయి బేస్ మీద అయిదో ఫ్రెట్ దాటాక హాయిగా ఉంటుంది, నట్ దగ్గర మాత్రం అవస్థ పడుతుంది. మనకు పని ఎక్కువగా పడేది ఆ నట్ దగ్గరే. ఎఫ్ శ్రుతిలో పాట ఎత్తుకుంటే మూలస్వరం ఇ తీగ (నాలుగు తీగల బేస్‌లో పైన ఉండే, అన్నిటికన్నా లావైన తీగ) మీద మొదటి ఫ్రెట్‌లో ఉంటుంది, జి శ్రుతి అయితే మూడో ఫ్రెట్‌లో ఉంటుంది.

బొటనవేలిని నెక్ మీదుగా చుట్టి, కొడవలి పిడి పట్టుకున్నట్టు పట్టినప్పుడు అరచేయి నెక్ అడుగుకు అతుక్కుపోతుంది. చూపుడువేలి మొదలు నెక్ అంచుకు తగిలి ఆగిపోతుంది. ఇక వేళ్లు తీగల మీదికి నిటారుగా దిగలేక, ఏటవాలుగా పడుకుంటాయి. చిటికెనవేలు నాలుగో ఫ్రెట్‌కు అందదు, అందినా బలంగా నొక్కలేదు. బొటనవేలిని వెనక్కి, నెక్ మధ్యగీతకు దగ్గరగా, నడిమివేలికి ఎదురుగా దించి చూడండి. అరచేతికీ నెక్‌కూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది, చేతిలో సంగటి ముద్ద పట్టుకున్నప్పుడు వంగినట్టు వేళ్లు గుండ్రంగా వంగుతాయి, చిటికెనవేలు దానంతటదే ముందుకు చేరుతుంది. అయిదు తీగల బేస్ అయితే ఈ తేడా ఇంకా పెద్దది. జాజ్ బేస్ అనే నాలుగు తీగల నమూనా తరహా నెక్ నట్ దగ్గర సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అయిదు తీగల నెక్ 45 మిల్లీమీటర్లు, అంతకు పైన కూడా ఉంటుంది. అంత వెడల్పు నెక్ మీదుగా బొటనవేలిని చుట్టి వాయించడం పెద్ద చేతులవారికి కూడా కష్టమే.

ఇంతవరకు చదివినవారికి వెనుక పట్టే మేలని తేలిపోయినట్టు అనిపించవచ్చు. అసలు నిర్ణయం జరిగేది బొటనవేలి దగ్గర కాదు, మణికట్టు దగ్గర అని నా నమ్మకం. ఈ ఒక్క విషయం ఎవరూ నాకు మొదట్లో చెప్పలేదు.

వేళ్లను వంచే ప్రధాన కండరాలు అరచేతిలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. వాటి స్నాయువులు తొమ్మిది, వాటితోపాటు బొటనవేలికీ చూపుడువేలికీ నడిమివేలికీ స్పర్శనిచ్చే నాడి ఒకటి, మణికట్టులోని ఇరుకైన సొరంగం గుండా వేళ్లవైపు వెళతాయి. మణికట్టు బాగా వంగితే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. పైగా వంగిన మణికట్టుతో వేళ్లకు బలం కూడా తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చేతిని లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి, పిడికిలి సరిగా బిగుసుకోదు. మణికట్టును తిన్నగా పెట్టి బిగించండి, తేడా వెంటనే తెలుస్తుంది.

బేస్ తొడల దాకా వేలాడుతున్నప్పుడు బొటనవేలిని నెక్ వెనుక మధ్యలో పెడితే ఏమవుతుందో ఈ దృష్టితో చూడాలి. చేయి కిందికి చాచి ఉంటుంది, వేళ్లు తీగల మీదికి రావాలి, బొటనవేలు వెనుకే ఉండాలి. ఈ మూడూ కలిసి కుదరాలంటే మణికట్టు దాదాపు లంబకోణంలో మడత పడాలి. అదే ఎత్తులో బొటనవేలిని పైకి చుట్టి వాయించేవారికి మణికట్టు చాలా తిన్నగా ఉంటుంది. బేస్‌ను బాగా కిందికి దించి వాయించే రాక్ వాద్యకారులలో ఎందరో బొటనవేలిని పైకి వేయడం వెనుక ఈ కారణం ఉంది. వారి చేయి తనకు తానే ఒక రక్షణ వెతుక్కుంది. కాబట్టి బెల్ట్ (బేస్‌ను భుజానికి తగిలించుకునే పట్టీ) కిందికి వదిలి, పుస్తకంలో ఉందని బొటనవేలిని వెనుక పెట్టడం, ఈ రెండు పట్టులలో దేనికన్నా హానికరమైన మూడో పట్టు అని నేను గట్టిగా చెబుతాను.

నాకు జరిగింది అదే. మొదట ఏడెనిమిదేళ్లు గిటార్ అలవాటుతో బొటనవేలు పైకి వేసే వాయించాను. తరువాత నేర్పినవారు ఒకరు, పద్ధతి ప్రకారం బొటనవేలు వెనుకే ఉండాలని పట్టుబట్టారు. బెల్ట్ గురించి మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. ఆ సంవత్సరం డిసెంబరులో క్రిస్మస్ ఆరాధనలకు వరుసగా సాధనలు, రాత్రి కూడికలు ఉన్నాయి. మూడో వారానికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. తరువాత రాత్రి నిద్రలో చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. వైద్యులు కొన్ని వారాలు వాద్యం ముట్టవద్దన్నారు. విశ్రాంతి తరువాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు నేను మార్చింది బొటనవేలిని కాదు, బెల్ట్‌ను. కూర్చుని వాయించేటప్పుడు బేస్ ఎక్కడ ఉంటుందో, నిలబడ్డప్పుడూ అక్కడే ఉండేలా బెల్ట్ పైకి లాగి, నెక్ తలను భుజం ఎత్తు వైపు లేపాను. బొటనవేలు వెనుకే ఉంది, మణికట్టు మాత్రం తిన్నగా వచ్చింది. మళ్లీ ఆ తిమ్మిరి రాలేదు. మీకు తిమ్మిరి వస్తూ ఉంటే ఇది చదివి ఆగిపోకుండా వైద్యుణ్ణి కలవండి.

బేస్ పైకి ఎత్తి కట్టుకుంటే వేదిక మీద అందంగా కనపడదని కుర్రవాళ్లు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను, పదిమంది ముందు నిలబడి వాయించేవారికి ఎలా కనపడుతున్నామన్నది అక్కరలేని విషయం కాదు. అయితే పెళ్లి రిసెప్షన్‌లో నాలుగు గంటలు ఏకధాటిగా నిలబడవలసినవాడికి చివరి గంటలో కూడా చేయి సాగడం అంతకన్నా ముఖ్యం. బెల్ట్‌తోనే ముడిపడిన మరో సంగతి, వాద్యం తలబరువు. నాలుగు కిలోలకు దగ్గరగా ఉండే బేస్‌లో కొన్నింటికి తలవైపు బరువు ఎక్కువై నెక్ కిందికి వాలుతూ ఉంటుంది. దాన్ని ఎడమచేయి మోయవలసి వచ్చినప్పుడు బొటనవేలు తనంతట తానే పైకి చుట్టుకుంటుంది. అలాంటి వాద్యానికి వెడల్పైన, లోపలివైపు గరుకుగా ఉండి చొక్కా మీద జారని తోలు బెల్ట్ వేస్తే సగం సమస్య తీరుతుంది.

బొటనవేలు పైకి వేసే పట్టుకు ఒక నిజమైన మేలు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఇ తీగకు తరువాత వరుసగా ఉండే ఎ తీగనో డి తీగనో వాయించేటప్పుడు వాడని ఇ తీగ దానంతటదే కంపిస్తూ 41 హెర్ట్జ్ దగ్గర ఒక మూలుగు వదులుతుంది. ఇంట్లో చిన్న యాంప్‌లో అది వినపడదు, కల్యాణ మండపంలో పెద్ద స్పీకర్లు పెట్టినప్పుడు మొత్తం శబ్దాన్ని మసకబారుస్తుంది. పైకి వచ్చిన బొటనవేలి కొన ఇ తీగను తాకుతూ ఉంటే ఆ మూలుగు ఆగుతుంది. వెనుక పట్టు పట్టేవారు ఈ పనిని కుడిచేతికి అప్పగించాలి. కుడి బొటనవేలిని పికప్ (తీగల కంపనాన్ని అందుకునే భాగం) మీదే బిగించి ఉంచకుండా, వాయించే తీగను బట్టి పై తీగల మీద ఆనిస్తూ కదిలించడం నేర్చుకోవాలి. అందుకు కొన్ని నెలల సాధన పడుతుంది. మూలస్వరాలు మాత్రమే పలికే నెమ్మది పాటల్లో, అయిదో ఫ్రెట్‌కు పైన వాయించేటప్పుడు, నేను కూడా బొటనవేలిని కాసేపు పైకి రానిస్తాను. అది చేతికి విశ్రాంతి. అదే ఆర్కెస్ట్రా ఇళయరాజా పాట ఎత్తుకున్నదంటే, బేస్ మూలస్వరం దగ్గర నిలవక మరో గొంతులా తిరుగుతూ ఉంటుంది కాబట్టి, బొటనవేలు తిరిగి వెనక్కి వెళ్లవలసిందే.

వెనుక పట్టు అన్నప్పుడు ఒకే చోట మేకు కొట్టినట్టు నిలపడమని కూడా అర్థం కాదు. ఇ తీగ మీదికి వేళ్లు చాపినప్పుడు బొటనవేలు నెక్ వెనుక కొంచెం కిందికి దిగుతుంది, అన్నిటికన్నా సన్నని జి తీగకు వచ్చినప్పుడు పైకి లేస్తుంది. చేయి చిన్నదైనవారు నట్ దగ్గర నాలుగు ఫ్రెట్లకు నాలుగు వేళ్లు బలవంతంగా పరచనక్కరలేదు. నిలువు బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించేవారి పద్ధతి వారికి మేలు. 19వ శతాబ్దపు వియన్నాలో ఫ్రాంజ్ సిమాండ్ల్ స్థిరపరచిన ఆ పద్ధతిలో కింది స్థానాలలో చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు మాత్రమే స్వరాలు పలికిస్తాయి, ఉంగరపువేలు చిటికెనవేలికి ఆసరాగా ఉంటుంది. నాలుగు ఫ్రెట్ల 13 సెంటీమీటర్లకు బదులు మూడు ఫ్రెట్ల 9 సెంటీమీటర్లు చాపితే సరిపోతుంది. మిగిలిన ఫ్రెట్ కోసం బొటనవేలితో సహా చేయి మొత్తం జరుగుతుంది. నా దగ్గరికి వచ్చే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు నేను ఇదే నేర్పుతున్నాను.

మిగతా పట్టుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. బొటనవేలిని నట్ వైపు చూపిస్తూ నెక్ పొడవునా పడుకోబెట్టడం వల్ల మణికట్టు పక్కకు వంగుతుంది, మానుకోవడం మంచిది. బొటనవేలితో ఇ తీగను నొక్కడం గిటార్ మీద పనికివచ్చే విద్య, బేస్ తీగల లావుకు అది అంతగా కుదరదు.

ఏ పట్టు పట్టినా బొటనవేలితో పిండేస్తున్నారా లేదా అన్నది ఒక చిన్న పరీక్షతో తెలుస్తుంది. కుడి ముంజేతితో బేస్‌ను పొట్టకు నెమ్మదిగా ఆనించి, ఎడమ బొటనవేలిని నెక్ నుంచి పూర్తిగా తీసేసి, తెలిసిన పాట ఒకటి వాయించండి. ఫ్రెట్‌కు ఆనుకుని, దాని వెనుకే వేలు పెడితే, చేతి బరువుతోనే స్వరం శుభ్రంగా పలుకుతుంది. పలకకపోతే ఒకటి, వేలు ఫ్రెట్‌కు దూరంగా పడుతోంది. రెండు, తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా ఉన్నాయి. రెండోదైతే బ్రిడ్జ్ దగ్గర దించుకోవాలి, బొటనవేలికి శిక్ష వేయకూడదు. మా ఎండాకాలపు పొడిగాలికి ఫింగర్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన పలక) కర్ర కాస్త కుంచించుకుని ఫ్రెట్ల కొనలు అంచు దాటి బయటికి పొడుచుకువస్తాయి. చూపుడువేలి మొదలును అంచుకు ఆనించి జరిపే పై పట్టువారికి అవి గీరుకుంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ కొనలను ఆకురాయితో నునుపు చేయించుకోవాలి. చెమటకు, మెరుగు పూసిన నెక్ మీద బొటనవేలు అంటుకుపోయి జరగకపోతే, పాటకు పాటకు మధ్య నెక్ వెనుక పొడిగుడ్డతో తుడవడం చాలు.

గుత్తి అబ్బాయి బెల్ట్‌ను ఆ రోజే జానెడు పైకి లాగించాను. బొటనవేలు ఎక్కడ పెట్టాలో చెప్పకుండా, మణికట్టు తిన్నగా ఉందో లేదో మాత్రం చూసుకోమన్నాను. చేయి తనంతట తానే వెనుక పట్టుకు వెళ్లింది. రెండు వారాల తరువాత ఫోన్ చేసి, బొటనవేలి నొప్పి పోయింది కానీ చిటికెనవేలి కొన మండుతోందని చెప్పాడు. ఇన్నాళ్లూ పని లేని వేలు అది, చర్మం గట్టిపడే దాకా రోజూ కాసేపే వాయించమన్నాను. బొటనవేలి మొదట్లో నొప్పి తిరిగి వస్తే మాత్రం ఆ పూటకు బేస్ దించేసి, ముందు బెల్ట్ జారిందేమో చూడమన్నాను.